నొప్పికి తరుగు

మళ్ల జగ్గారావు లోకంలోని సరుకునంతటినీ రెండుగా చూసేవాడు: కాటా ఎక్కేది, ఎక్కనిది. ఎక్కనిదాని గురించి మాట్లాడటమంటే నోటికి పని, చేతికి ఖాళీ అనేవాడు. అందుకే మనిషి నొప్పిని తూచే యంత్రమొకటి విశాఖలో తయారవుతోందని, పరీక్షకు మనుషులు కావాలని తెలియగానే, అందరికన్నా ముందు వెళ్లి పేరిచ్చి వచ్చాడు.

ఆయన నొప్పికి మూలమైన జబ్బు ముప్పయ్యో ఏట వచ్చింది. మొదట మోచేతుల మీద, తలలో, తెల్లగా పొట్టు రేగే మచ్చలు. సోరియాసిస్ అన్నారు. మూడేళ్లకు అదే జబ్బు చర్మం దాటి కీళ్లలోకి దిగింది. చెల్లెలు నూకరత్నానికీ అదే, రెండేళ్ల తేడాతో. ఒకే తల్లి బిడ్డలు, ఒకే జబ్బు. కాని అది ఇద్దరి దగ్గరా ఒకేలా వ్యాపారం చెయ్యలేదు. అన్నకు వెన్ను పట్టుకుంది. ఎక్స్‌రే తీస్తే వెన్నుపూసలు పాకం ఆరిన బెల్లం దిమ్మల్లా ఒకదానికొకటి అంటుకుపోయి కనిపించాయి. చూసిన డాక్టరల్లా "పాపం" అన్నాడు. చెల్లెలికి వేళ్లు అరటిపళ్లలా వాచేవి. మడమలు, మణికట్లు, మోకాళ్లు, కండ ఎముకకు ఎక్కడ అతుకుతుందో అక్కడల్లా పోటు. మధ్యాహ్నానికి ఒంట్లోంచి ఎవరో ఊటంతా తోడేసినట్టు నీరసం. ఎక్స్‌రే తీస్తే మాత్రం ఎముకలు కడిగిన ముత్యాల్లా ఉండేవి. చూసిన డాక్టరల్లా "ఇంట్లో ఏమైనా చికాకులున్నాయామ్మా?" అని అడిగాడు.

చర్మం దగ్గరా అంతే. జగ్గారావు చొక్కా మీద పొట్టు రాలుతుంటే భార్య కనకం దులిపి ఊరుకునేది. నూకరత్నం వడ్డించిన కంచంలో పొట్టు రాలిందని అత్తగారు పెళ్లైన ఏడాదికే పుట్టింటికి పంపేసింది. వచ్చినావిడ ఏడుస్తూ మూల కూర్చోలేదు. మర్నాడే అన్నతోపాటు బెల్లం యార్డుకు వెళ్లి, తండ్రి కూర్చున్న గద్దె పక్కన పీట వేసుకుంది.

అక్కడ ఆవిడ కుడిచేతి బొటనవేలు పేరు తెచ్చుకుంది. రైతు బండి దిగిన దిమ్మ మీద ఆ వేలుతో ఒక్క నొక్కు నొక్కి, దాని తడి ఎంతో, పాకం ముదిరిందో లేదో, వానాకాలం దాకా నిలుస్తుందో, మూడోనెలకే కారుతుందో చెప్పేసేది. ఒకటో రంగని, అంటే మేలురకమని, ఆవిడ అన్నదాన్ని ఒరిస్సా బేరగాళ్లు మళ్లీ విప్పి చూసేవారు కాదు. యార్డులో ఎన్నో కొట్లున్నా, "రత్నమ్మగారి నొక్కు" ఉన్న సరుకే ముందు లారీ ఎక్కేది. కొట్టు పేరు జగ్గారావుది. కొట్టుకున్న పేరు ఆ వేలిది. ఈ సంగతి జగ్గారావుకు తెలుసు. తెలిసిన సంగతులన్నీ పైకి చెప్పాలని ఎక్కడా రాసి లేదు కదా.

ప్రయోగశాల సముద్రం కనిపించే కొండ మీద ఉంది. నలభై రెండుమంది రోగులను పిలిచారు. ముప్పైమంది మగవాళ్లు, పన్నెండుమంది ఆడవాళ్లు. మెడ వెనక రూపాయి బిళ్లంత పట్టీ ఒకటి అంటించేవారు. అది వెన్నులో నడిచే నొప్పి సంకేతాలను పట్టి, తెర మీద సున్నా నుంచి వందలోపు ఒక అంకె చూపించేది. యంత్రానికి పెద్ద సంస్కృతం పేరొకటి పెట్టారు గాని, జగ్గారావు మొదటిరోజే దాన్ని నొప్పి కాటా అన్నాడు. చివరికి ఇంజనీర్లూ అదే పేరుతో పిలిచారు.

మగవాళ్ల అంకెలు చక్కగా వచ్చాయి. జగ్గారావుకు పొద్దున్న డెబ్బై రెండు, సాయంత్రం డెబ్బై, మర్నాడు డెబ్బై ఒకటి. ఆయన ఎక్స్‌రేకూ ఆ అంకెకూ జోడు కుదిరింది. ఆడవాళ్ల దగ్గరే ముల్లు నిలవలేదు. పొద్దున్న ఎనభై, మధ్యాహ్నం యాభై, నెలసరికి రెండ్రోజుల ముందు తొంభై, ఎక్స్‌రే చూస్తే ఏమీ లేదు. కాటా చెడిపోయిందేమోనని ఇంజనీర్లు విప్పి బిగించారు. చెడిపోలేదు. పెద్ద సారు తల పట్టుకుని, "వీళ్లను పెట్టుకుంటే ఈ యంత్రం ఈ జన్మలో బయటికి రాదు" అన్నాడు.

ఆ మాటన్నప్పుడు జగ్గారావు అక్కడే టీ తాగుతున్నాడు.

"దీనికంత బాధెందుకండీ? మా యార్డుకి తడి బెల్లం వస్తాది. కాటా మీద పెడితే బరువు బాగానే చూపిస్తాది. అందులో బెల్లమెంత, నీరెంత? అది తేలదు. మరి మేమేటి చేస్తాం? తరుగు తీస్తాం. క్వింటాకి ఇన్ని కేజీలని కోసీసి మిగిలినదే బరువు కింద రాసుకుంటాం. తాతలనాటి నుంచీ అంతే. మీరూ తియ్యండి."

"ఏం చూసి తియ్యమంటారు?"

"ఆడోళ్లు కొంచెం ఎక్కువ చెప్తారు కదండీ. నెలనెలా ఒళ్లు మారతాది. ఎక్స్‌రేలో ఏటీ లేదు. అదంతా తడి కాదేటి?"

అందరూ నవ్వారు. పెద్ద సారు కూడా నవ్వాడు. నవ్వుతూనే కాగితం మీద ఏదో రాసుకున్నాడు. గది చివర కొత్తగా చేరిన డాక్టర్ ఇందీవర అనే అమ్మాయి మాత్రం నవ్వలేదు. నోరు విప్పబోయి, అందరి ముఖాలూ చూసి, మళ్లీ మూసుకుంది.

మర్నాటి నుంచి ఆడవాళ్ల అంకెలోంచి పది తీసేశారు. అంకె ఎక్స్‌రేకు కొంచెం దగ్గరైనట్టు కనిపించింది. జగ్గారావు ఇంటికొచ్చి, ఇంజనీర్లకు వ్యాపారం నేర్పి వచ్చానని చెప్పుకుని రెండిడ్లీలు ఎక్కువ తిన్నాడు.

ఆ తరవాతి ఏడు కీళ్లకు కొత్త మందు వచ్చింది. నెలకొక ఇంజెక్షన్. వేసుకున్న వారానికి పట్టేసిన కీలు వదులయ్యేది. అయితే ఆ మందు తయారుచేసే జీవకణాలు ఓ పట్టాన పెరగవట; జిల్లాకు రెండువందలమందికి సరిపడానే వచ్చేది. ఎవరికివ్వాలి? ఒక సంఘం కూర్చుని, నొప్పి కాటా చెప్పిందే మాటన్నారు. అరవై దాటినవాళ్లకు మందు. దాటనివాళ్లకు మామూలు మాత్రలు.

జగ్గారావుకు డెబ్బై ఒకటి. మందొచ్చింది. పదేళ్ల తరవాత ఆయన వీపు గోడకు ఆనించకుండా గద్దె మీద రోజంతా కూర్చున్నాడు.

నూకరత్నం వంతు ఇంకో రెండేళ్లకు గాని రాలేదు. ఆవిడ ఆసుపత్రి నుంచి వచ్చేసరికి అన్నావదినలు వీధరుగు మీదే ఉన్నారు.

"ఎంతొచ్చింది?" అన్నాడు జగ్గారావు.

"ముప్పై ఎనిమిది."

"అంతేనా?"

"అంతే అంటాది కాటా. కాదనడానికి నేనెవర్ని?"

కనకం బియ్యంలో రాళ్లు ఏరుతూ తలెత్తకుండానే అంది. "మీ అన్నియ్యకి డెబ్బై ఒకటి. అయినా ఆయన ఏనాడు మూలిగినాడు? ఓర్పు ఆడదానికే ఉండాలంటారు గానీ, మీ ఇంట్లో దేవుడు దాన్ని మగాడికిచ్చీసినాడు."

"వదినా, నీ జడ నువ్వే అల్లుకుంటావు కదా?"

"ఆఁ, మరెవరల్లుతారు?"

"నేను నా జడ అల్లుకుని ఆరేళ్లయింది. అందుకే కత్తిరించీసాను. ఈసారెళ్లినప్పుడు దానికెంతిస్తాదో ఆ కాటాని అడిగి రా."

కనకం చేట పట్టుకుని లోపలికి పోయింది. నూకరత్నం గుమ్మం పట్టుకుని, ఒక్కొక్క పాదమే ఎత్తి లోపల పెట్టింది. మడమ నేలకు తగిలినప్పుడల్లా ఆవిడ పెదవి పక్కన చిన్న కండ ఒకటి అదిరేది. జగ్గారావు ఆ కండను ఎన్నో ఏళ్లుగా చూస్తూనే ఉన్నాడు. అంకెలో ముప్పై ఎనిమిది కనబడ్డాక, ఆ అదురుడు కూడా ఆయనకు కొంచెం ఎక్కువగానే తోచింది.

"ఎక్కువ ఆలోచించకు రత్నం. కాటా ఎవరికీ చుట్టం కాదు" అన్నాడు.

"నిజమే అన్నియ్యా. ఎవరు తయారు చేస్తే వాళ్లకే చుట్టం" అని నవ్వి, మర్నాడు యథాప్రకారం యార్డుకు వెళ్లింది.

దుకాణంలో కాటాకు ఏడాదికోసారి ముద్ర వేయించినట్టే, నొప్పి కాటాకూ ప్రతి నవంబరులో పరీక్ష ఉండేది. మొదటి ముప్పైమంది మగవాళ్లనే ప్రమాణ రాళ్లుగా పెట్టుకున్నారు. వాళ్లలో ఎవరో ఒకరిని కూర్చోబెట్టి యంత్రాన్ని తిరగేసి నడిపేవారు. అంటే, ఎవరి దగ్గరో పట్టి దాచిన నొప్పిని ఆ పట్టీ గుండా ఈ మనిషిలోకి పది క్షణాలు పంపేవారు. ఎంతుందో ఇతను నోటితో చెప్పాలి. అది కాటా అంకెతో కలిస్తే కాటా సరైనదని రాసుకునేవారు.

నవంబరు పదిహేడున జగ్గారావు వంతొచ్చింది. ఈసారి యంత్రం దగ్గరున్నది డాక్టర్ ఇందీవరే. పెద్ద సారు ఢిల్లీకి వెళ్లిపోయి, ఆ గదికి ఆవిడే పెద్దయింది.

"ఇరవై" అన్నాడు మొదటిదానికి. కలిసింది. "అరవై ఐదు." కలిసింది. "నలభై." కలిసింది.

నాలుగోది పంపింది ఇందీవర.

మొదట మడమల్లోంచి వచ్చింది. పాకం పెనం కింద ఊదిన నిప్పుల మీద నిలబెట్టినట్టు. మోకాళ్లు ఎక్కి, భుజాలు ఎక్కి, మణికట్ల దగ్గర ముడివేసుకుని, చివరికి కుడిచేతి బొటనవేలి మొదట్లోకి దూరి అక్కడ కూర్చుంది. కూర్చుని తిప్పడం మొదలుపెట్టింది. దాని మీద, అంతటి మీదా, తడి గోనెసంచీ కప్పినట్టు ఒక అలసట. జగ్గారావు కుర్చీలోంచి జారి మోకాళ్ల మీద పడ్డాడు.

"తీసెయ్... తీసెయ్యమ్మా, తొంభై!"

ఇందీవర ఆపింది. మంచినీళ్లిచ్చింది. ఆయన గ్లాసును కుడిచేత్తో అందుకోబోయి, భయపడి, ఎడంచేత్తో అందుకున్నాడు.

"కాటా ఎంతంది?"

ఆవిడ తెర ఇటు తిప్పింది. ముప్పై ఎనిమిది.

"చెడిపోనాది కాటా."

"చెడిపోలేదు జగ్గారావుగారూ. తరుగు తీసింది."

ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"పదితో మొదలుపెట్టాం, గుర్తుందా? తరవాత యంత్రమే నేర్చుకుంటూ పోయింది. అంకె తక్కువొచ్చిన ఆడమనిషికి మందివ్వరు. మందు లేక నొప్పి తగ్గదు. తగ్గలేదని మళ్లీ వస్తే, డాక్టరు చీటీ మీద 'ఎక్కువ చెబుతోంది' అని రాస్తాడు. ఆ చీటీలన్నీ యంత్రం చదువుతుంది. చదివి తరుగు పెంచుతుంది. ఇప్పుడది నలభై మూడు. ఈ మనిషి అసలు అంకె ఎనభై ఒకటి."

"ఎవరమ్మా ఈ మనిషి?"

"పేర్లు చెప్పకూడదు."

"చెప్పొద్దులే. తెలిసిపోనాది." ఆయన తన బొటనవేలు వైపు చూసుకున్నాడు. "మరి మీరెందుకు రాయరు పైకి?"

"రెండుసార్లు రాశాను. ఆడవాళ్ల తరఫున ఆడది మాట్లాడుతోందన్నారు. నా మాటకీ తరుగు తీశారు." ఆవిడ నవ్వబోయి మానేసింది. "నిబంధన ఒకటుంది. ప్రమాణ రాయే ఫిర్యాదు చేస్తే కాటాను ఆపి మళ్లీ సరిచూడాల్సిందే. మీరు సంతకం పెట్టండి. ఆరోజు మీరు మాట్లాడారు, నేను నోరు మూసుకున్నాను. ఎవరి వాటా వాళ్లం దించుకుందాం."

జగ్గారావు కలం తీసుకున్నాడు. తీసుకుని, వ్యాపారి కనక, అడగవలసింది అడిగాడు.

"తరుగు ఎత్తేస్తే ఆడోళ్ల అంకెలన్నీ పైకొస్తాయి. మందు మాత్రం అదే రెండువందలమందికి. మరి గీత అరవై దగ్గరే ఉంటాదా?"

"ఉండదు. డెబ్బై నాలుగో, అయిదో అవుతుంది."

"నాది డెబ్బై ఒకటి."

"అవును" అంది ఇందీవర.

కిటికీలోంచి సముద్రం కనిపిస్తోంది. ఓడలు వరసగా లంగరేసి, రేవులో చోటు కోసం ఎదురుచూస్తున్నాయి. జగ్గారావు వాటినలాగే చూస్తూ మనసులో తూకం వేశాడు. సీజను ఇప్పుడే మొదలైంది. ఉగాది ముందొచ్చే కొత్త అమావాస్యతో అయిపోతుంది. మందు లేకపోతే తను గద్దె మీద కూర్చోలేడు. తను కూర్చోకపోతే కొట్టు నడవదు. కొట్టు నడవకపోతే చెల్లెలికి మాత్రం ఏముంది? నాలుగు నెలలు. నాలుగు ఇంజెక్షన్లు. పదహారేళ్లు భరించిన మనిషి ఇంకో నాలుగు నెలలు భరించలేదా? అమావాస్య మర్నాడే వచ్చి సంతకం పెట్టేయొచ్చు. ఎటు చూసినా తూకం సరిపోయింది. అంత చక్కగా సరిపోయినప్పుడు రెండోసారి తూచాలని ఆయన రైతులకు చెబుతూనే ఉంటాడు.

"సీజనైపోనీ అమ్మా" అని కలం కింద పెట్టాడు.

ఇందీవర పట్టుపట్టలేదు. "పరీక్ష జరిగిన తేదీ మాత్రం వేసి ఉంచుతున్నాను" అని కాగితాన్ని సొరుగులో పెట్టింది.

ఆ నాలుగు నెలలూ జగ్గారావు చెల్లెల్ని చూసుకున్నట్టు ఎప్పుడూ చూసుకోలేదు. యార్డులో ఆవిడ పీట తీసేసి మెత్త వేసిన కుర్చీ తెప్పించాడు. అల్లం టీ తనే పట్టుకొచ్చి ఎడంచేతికి అందించేవాడు. దిమ్మలను ఆవిడ దగ్గరకే మోసుకు రమ్మని కళాసీలకు చెప్పాడు.

"ఏటన్నియ్యా ఇది? ఎవర్నో కొట్టొచ్చినోడిలా తిరుగుతున్నావు" అంది నూకరత్నం ఓ పొద్దున్న.

"చెల్లెలికి టీ ఇస్తే తప్పేటి?"

"తప్పు లేదు. అలవాటు లేదు."

కళాసీల మేస్త్రి అప్పలకొండ దిమ్మ దించుతూ అందుకున్నాడు. "బాబుకి నడుం ఒంగుతన్నాది కదమ్మగోరూ, ఇప్పుడు దండాలెట్టడం నేర్చుకుంతన్నారు."

అందరూ నవ్వారు. జగ్గారావు కూడా నవ్వాడు. నవ్వుతూ, ఇప్పుడు చెప్పేద్దామా అనుకున్నాడు. అప్పుడే మూడు బండ్లు లోపలికొచ్చాయి. మరోరోజు, పుష్యమాసపు చలిలో, ఆవిడ టిఫినుకు కూర్చుని ఇడ్లీ తుంచలేక ఎడంచేత్తో చెంచాతో పొడుచుకు తింటుంటే, మాట నాలుక చివరికొచ్చింది. కనకం చట్నీ పట్టుకొచ్చింది. మాట లోపలికి పోయింది. అలా నోటిదాకా వచ్చి తిరిగిపోయిన బండ్లు ఎన్నో. ప్రతిసారీ మిగిలిన రోజులు లెక్కపెట్టుకునేవాడు. తగ్గుతూ వస్తున్నాయి కదా అని ధైర్యం తెచ్చుకునేవాడు.

శివరాత్రి వెళ్లిన మూడోరోజున, కొండవతలి రైతొకడు పన్నెండు దిమ్మలు తెచ్చాడు. రంగు చూడటానికి బంగారంలా ఉంది. ఒరిస్సా బేరగాడు ఎదురుగానే నిలబడ్డాడు.

"రత్నమ్మగారు ఒక్క నొక్కు నొక్కితే లారీకెక్కించేస్తాను."

నూకరత్నం వేలు ఊది ఉంది. పొద్దున్నే రెండు మాత్రలు మింగి వచ్చింది. జగ్గారావు గద్దె మీంచి, "ఈ ఒక్కటీ వదిలీ రత్నం, నేను చూస్తాను" అన్నాడు.

"నువ్వు చూస్తే ఆయన కొంటాడేటి?" అని నవ్వి, ఆవిడ దిమ్మ మీద వేలానించి ఒళ్లు బరువేసి నొక్కింది.

'టిక్' మని ఒక చప్పుడు. ఎండుపుల్ల విరిగినంత. బొటనవేలు మొదటి కణుపు కిందికి వాలిపోయి, అలాగే వేలాడింది. నూకరత్నం దాన్ని ఎత్తబోయింది. అది లేవలేదు. ఇంకోసారి ప్రయత్నించింది. చుట్టూ ఉన్నవాళ్లకు అర్థం కాలేదు. ఆవిడ అరవలేదు, ఏడవలేదు. దిమ్మ మీద పడ్డ గుంటనే చూస్తోంది.

"రెండో రంగు," అంది బేరగాడితో. "లోపల తడుంది. నా మాట వినండి." అప్పుడు అన్న వైపు తిరిగి, "వేలు పోనాది అన్నియ్యా" అంది.

ఆసుపత్రిలో మళ్లీ ఎక్స్‌రే తీశారు. ఎముక శుభ్రంగా ఉంది. తెగింది ఎముక కాదు, కండను ఎముకకు కట్టి ఉంచే తాడు. ఏళ్ల తరబడి వాపులో నాని చివికిపోయిందట. "రెండు నెలల కిందటైనా ఆ కొత్త మందు పడుంటే నిలిచేదేమో" అన్నాడు డాక్టరు. "ఇప్పుడు కుట్టినా నిలవదు. అంతా పీచు పీచుగా ఉంది." అలవాటు కొద్దీ నొప్పి కాటా కూడా పెట్టారు. ముప్పై ఆరు చూపించింది. రెండు తగ్గింది.

జగ్గారావు ఆరుబయటికొచ్చి ఆటో పిలిచాడు. ఇంటికి కాదు, కొండ మీదికి.

మార్చి రెండున సంతకం పెట్టాడు. ఇందీవర సొరుగు తెరిచి పాత కాగితం తీసి, ఆయన పేరు కింద ఆరోజు తేదీ వేయమంది. వేశాడు.

"ఏమైంది?" అని అడిగిందావిడ. ఆయన చెప్పాడు. ఆవిడ ఖాళీ సొరుగు మూసి, "నాలుగు నెలలు నేనూ సొరుగు తాళం వేసుకుని కూర్చున్నాను" అంది. ఆ మాట తనకు ఓదార్పో, నిందో ఆయనకు తేలలేదు.

రాయే ఎదురుతిరిగాక సంఘం కదలక తప్పలేదు. మూడు వారాల్లో తరుగు ఎత్తేశారు. జిల్లాలో నూటపదిమంది ఆడవాళ్ల అంకెలు ఒక్క పూటలో పైకి లేచాయి. గీత డెబ్బై నాలుగు దగ్గర ఆగింది. జగ్గారావుకు మూడు తక్కువ.

కొత్త అమావాస్య ముందురోజున ఉత్తరం వచ్చింది. నూకాలమ్మ జాతరకు వీధిలో డప్పులు మోగుతున్నాయి. కనకం పసుపు దంచుతోంది. నూకరత్నం ఎడంచేత్తో కవరు చింపి, అరుగు మీద కూర్చుని చదువుకుంది. తనకు ఎనభై ఒకటి. వచ్చే వారం నుంచి ఇంజెక్షను. రెండో కాగితం మందు అందేవాళ్ల జాబితా; అందులో అన్న పేరు కొట్టేశారు. మూడో కాగితం ఫిర్యాదు నకలు.

"అన్నియ్యా, నువ్వేనా ఇది రాసింది?" ఆవిడ గొంతులో ఏళ్లుగా వినని మెత్తదనం వినిపించింది. "నీ మందు పోతాదని తెలిసే రాసేవా?"

"తెలుసు" అన్నాడు జగ్గారావు.

కనకం రోకలి ఆపింది. ఆడపడుచు ఆవిడ వైపు తిరిగింది. "చూసేవా వదినా! మా అన్నియ్య..." అంటూ నూకరత్నం కాగితం చివరిదాకా వచ్చి ఆగింది. ఆవిడ యార్డులో ఏళ్ల తరబడి చీటీలు చదివిన మనిషి. ముందు బరువు చూసి, తరవాత తేదీ చూడటం అలవాటు.

"పరీక్ష చేసినది నవంబరు పదిహేడు."

ఆయన పైపంచె సవరించుకున్నాడు.

"సంతకం మార్చి రెండు."

డప్పులు వీధి మలుపు తిరిగాయి.

"నవంబరులోనే తెలుసా నీకు?"

"సీజనైపోనీ అనుకున్నాను రత్నం. అమావాస్య మర్నాడే పెట్టీద్దామని..."

"ఎంతుందో కూడా తెలుసా? కాగితంలో రాసేరు, 'ఈమె నొప్పిని పరీక్షకుడు స్వయంగా అనుభవించెను' అని. నీ ఒంట్లో పెట్టుకుని చూసేవా దాన్ని?"

"చూసేను."

"ఎంతసేపు?"

"పది క్షణాలు."

నూకరత్నం కాగితాలు మూడూ ఒకదానిమీదొకటి సర్దింది. వాలిపోయిన బొటనవేలితో మడత పెట్టడం కుదరక, మోకాలి మీద పెట్టి ఎడం అరచేత్తో రుద్దింది.

"చూసొచ్చి టీ తెచ్చిచ్చేవు" అంది. జాతరకు వదినతో వెళ్లి, అమ్మవారికి దండం పెట్టుకుని వచ్చింది. రెండు చేతులూ సరిగ్గా కలవలేదు.

వైశాఖం వచ్చేసరికి రెండు ఇంజెక్షన్లు పడ్డాయి. ఆవిడ మడమలు నేలకానించి నడుస్తోంది. వేళ్ల వాపు తీసింది. పెదవి పక్కన కండ అదరడం మానేసింది. మధ్యాహ్నం వేళ కునుకు తీయకుండా కొట్లో కూర్చుంటోంది. బొటనవేలు మాత్రం వాలినది వాలినట్టే ఉంది. ఒరిస్సా బేరగాడు మొహమాటానికి రెండుసార్లు వచ్చి, మూడోసారి పక్క కొట్టుకు వెళ్లాడు. యార్డులో మిగిలిన సరుకు తక్కువ. ఉన్నదాన్ని బేరగాళ్లు విప్పి, పొడిచి, నాకి చూసి మరీ కొంటున్నారు.

జగ్గారావు వెన్ను మళ్లీ కొయ్యబారింది. ఆరోజు పొద్దున్న గద్దె మీంచి లేవబోయి లేవలేకపోయాడు. ఒక చెయ్యి గోడ మీద, ఒక చెయ్యి గాలిలో పెట్టి మధ్యలో ఆగిపోయాడు. అప్పలకొండ బయట లారీ దగ్గరున్నాడు. కొట్లో ఉన్నది చెల్లెలొక్కతే. ఆవిడ కుర్చీలో కూర్చుని, ఎడంచేత్తో కలం పట్టుకోవడం నేర్చుకుంటోంది.

"రత్నం, కొంచెం చెయ్యందించవే. ప్రాణం పోతన్నాది."

ఆవిడ రాస్తున్న అక్షరం పూర్తిచేసింది.

"ఎంతుంటాది?"

"డెబ్బై దాటుంటాది. డెబ్బై అయిదనుకో."

నూకరత్నం తలెత్తి అన్న వైపు చూసింది.

"తరుగు పోను చెప్పు."